ఆఖరివాడి కోసం వెనక్కి తిరిగే పరుగు

పెద్దలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట ఇంతమంది మగవాళ్లు ఈ కమ్యూనిటీ హాలుకి వచ్చి కూర్చోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది. మీ అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోన్ చేసి, "పొద్దున్నే మీ గ్రూపు ఉస్మానియా యూనివర్సిటీలో పరిగెడుతుంటే చూస్తున్నాం. మా కాలనీలో కూడా మొదలుపెట్టాలంటే ఏం చెయ్యాలో వచ్చి చెప్పండి" అన్నారు. అది చెప్పడానికే వచ్చాను.

నా సంగతితోనే మొదలుపెడతాను. నాలుగేళ్ల కిందట, నాకు 44 ఏళ్లప్పుడు, ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. రెండు మూడు నెలల సగటు చక్కెర ఎంతుందో చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 దాకా బార్డర్, 6.5 వస్తే షుగర్. డాక్టరు గారు మందు రాయలేదు, రోజూ నడవమన్నారు. ఎనిమిది రోజులు నడిచాను. తొమ్మిదో రోజు వాన పడింది, ఇంట్లో ఉండిపోయాను. పదో రోజు వాన లేదు, అయినా లేవలేదు. తర్వాత ఒక జిమ్‌లో ఏడాదికి సరిపడా డబ్బు కట్టి మూడు వారాలు వెళ్లాను. మానేస్తే ఎందుకు రావట్లేదని అడిగిన మనిషి లేడు.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, 13.6 కోట్ల మంది బార్డర్‌లో ఉన్నారని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్క తేల్చింది. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో మన పక్కనే ఉంది. ఏం తినాలో, ఎంత నడవాలో మనకు తెలుసు. తెలిసినా పొద్దున్నే దుప్పటి తీయబుద్ధి కాదు. నన్ను లేపింది మా కింది ఫ్లాటు అన్న. ఒక రాత్రి లిఫ్టు దగ్గర కలిసి, "రేపు ఐదింటికి కింద ఉంటా. నువ్వు రాకపోతే నేనొక్కణ్నే చీకట్లో నిలబడాలి" అన్నాడు. ఆయన అట్లా నిలబడి ఉంటాడన్న ఆలోచనకే నాకు మెలకువ వచ్చింది. ఇద్దరం అట్లా మొదలైతే ఇవాళ 23 మందిమి.

మా పద్ధతి చాలా సులువు. సోమ, బుధ, శుక్రవారాలు, ఐదుంబావుకి మొదలు. ఐదుంబావు అంటే ఐదుంబావే. పది నిమిషాలు ఒళ్లు వదులు చేసుకుంటాం, పాతిక నిమిషాలు పరిగెడతాం, పదిహేను నిమిషాలు కసరత్తు. అంటే 50 నిమిషాలు. వారానికి మూడుసార్లు కాబట్టి 150 నిమిషాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం అంత కదలిక ఉండాలని, రెండు రోజులైనా కండరాలకు పని పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కసరత్తుకు మా దగ్గర సామాన్లేమీ లేవు. మన తాతలు తాలింఖానాల్లో తీసిన దండీలు, బస్కీలే మేమూ తీస్తాం. మెట్లుంటే మెట్లెక్కుతాం. ఫీజు లేదు, కోచ్ లేడు. రోజుకొకరు ముందు నిలబడి చేయిస్తారు. ఇది చాలా మంచి అలవాటు. పదిమందిలో నోరు విప్పని ఒక తమ్ముడు, తన వంతు వచ్చిన రోజు ఆర్ట్స్ కాలేజీ గోడలకు వినపడేటట్టు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. 1939 నుంచి నిలబడి ఉన్న ఆ గులాబీ రంగు రాతి భవనం ముందు, చలికాలం మసక వెలుగులో, ఆ గొంతు వింటే నాకు ఒళ్లు పులకరించింది.

మేం గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే. ముందు చేరినవాళ్లు ఆగి కూర్చోరు. వెనక్కి తిరిగి, ఆఖర్న వస్తున్న మనిషి దగ్గరికి పరిగెత్తుకెళ్లి, ఆయనతో కలిసి మళ్లీ వస్తారు. ఆ మనిషి నడుస్తుంటే వాళ్లూ నడుస్తారు.

మొదటి ఏడాది ఒకాయన వచ్చాడు. 52 ఏళ్లు. కాన్వాస్ బూట్లు, ఇస్త్రీ చేసిన ప్యాంటు. రెండు వందల గజాలు పోయాక నడుము మీద చేతులు పెట్టుకుని ఒక వేపచెట్టు కింద ఆగిపోయాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మా అందరికంటే వేగంగా పరిగెత్తేది కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాడు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యాలి వాళ్లు, ప్రతి సెకనూ లెక్కే. ఆ కుర్రాడు చేతిలో స్టాప్‌వాచ్ ఆపేసి వెనక్కి వచ్చాడు. "అంకుల్, కూర్చోకండి. మెల్లగా నడవండి, నేనూ నడుస్తా" అన్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా చివరిదాకా నడిచి వచ్చారు. మేమంతా అప్పటికే ఎదురు వెళ్లి వాళ్ల వెనకాల చేరాం.

ఆయన మూడు వారాలు అట్లా వస్తూ వెళ్తూ ఉన్నాడు. పేరు, వీధి తప్ప ఏమీ చెప్పలేదు. శుక్రవారం పరుగయ్యాక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతాం. ఒక శుక్రవారం సాసర్లో చాయ్ పోసుకుని, తాగకుండా చూస్తూ, "పొద్దున ఐదింటికి లేచేది మా ఆవిడ. పోయి ఏడు నెలలైంది. నాకు ఇప్పుడూ ఆ టైంకే మెలకువ వస్తుంది. లేచి ఏం చెయ్యాలో తెలిసేది కాదు" అన్నాడు. ఎవరం ఏమీ అనలేకపోయాం. పక్కన కూర్చున్నతను ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు ఆయన వైపు జరిపాడు. ఆయన ఒకటి తీసుకున్నాడు.

ఈ రోజు మీ ముందుకు రావడానికి అసలు కారణం ఇదే. మన వయసు మగవాళ్లకు చుట్టూ మనుషులుంటారు. ఆఫీసులో, ఫంక్షన్లో, అపార్టుమెంటు మీటింగులో. "ఎట్లున్నవ్ అన్నా" అంటే "మంచిగున్న" అంటాం, అక్కడితో అయిపోతుంది. ఇంటి లోను, పిల్లల ఫీజులు, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్, ఇవన్నీ ఎవరికి చెప్పుకుంటాం? ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడమంటే మనకు గొంతు పెగలదు. పక్కపక్కన పరిగెడుతుంటే, ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి, మాట దానంతటదే వస్తుంది. నాలుగేళ్లలో ఇది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే మా గ్రూపులో ఎవరైనా వరసగా రెండు రోజులు రాకపోతే మూడో రోజు మెసేజ్ పెట్టం, ఇంటికి వెళ్లి బెల్లు కొడతాం.

మీటింగుకి ముందు ఒక అక్కయ్య అడిగారు, "మగవాళ్లకే ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్న. ఐదింటికి మనం బయటికొస్తే ఇంట్లో బాక్సులు కట్టేది ఎవరు? మా దగ్గర ఆరుంబావుకల్లా ఇల్లు చేరాలి, పిల్లల్ని బస్సెక్కించే పని మనదే. మన బరువంతా ఇంట్లో ఆడవాళ్ల మీద వేసి, వాళ్లొక్కళ్లే వినాలనుకోవడం అన్యాయం అని నేను నమ్ముతాను. మగవాళ్లు మగవాళ్లకు చెప్పుకోవడం నేర్చుకోవాలి.

ఇక ఒంటి గురించి కొన్ని మాటలు, జాగ్రత్తగా వినండి. మొదటి రోజే ఎవరూ పాతిక నిమిషాలు పరిగెత్తొద్దు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఇట్లా ఎనిమిది వారాలు మెల్లగా పెంచండి. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట తెగిపోతుంటే తగ్గించండి. మోకాళ్లు పోతాయని భయపెట్టేవాళ్లుంటారు. ఎక్కువ నొప్పులు తొందరపడి దూరం పెంచడం వల్ల వచ్చేవే. నలభై దాటి, ఇప్పటిదాకా వ్యాయామం లేనివాళ్లు, బీపీ, షుగర్, సిగరెట్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో రావొచ్చో లేదో అడగండి, జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లని చెమట పట్టినా గ్యాస్ అనుకోవద్దు. వెంటనే ఆగండి, చెప్పండి. 108కి ఫోన్ చెయ్యాలి. ఆ సేవ 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. అంబులెన్స్ వచ్చేలోపు మనిషి పడిపోతే చెయ్యాల్సింది సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి రక్తం ఆడేటట్టు చూడటం. మనిషి పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా తీసుకోకపోతే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో, కనీసం 5 సెంటీమీటర్లు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మా 23 మందీ ఒక ఆదివారం కూర్చుని నేర్చుకున్నాం. మీరు కూడా పరుగు మొదలుపెట్టిన నెలలోపే నేర్చుకోవాలి, ఇది నేను బతిమాలి అడుగుతున్నాను.

మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన పీఠభూమి మీద ఉంది కాబట్టి ఎండాకాలంలో కూడా తెల్లవారుజాము కాస్త చల్లగా ఉంటుంది. మే నెలలో మాత్రం ఆరున్నర దాటితే ఎండ మాడ్చేస్తుంది, ముందే ముగించండి. ఆగస్టులో సిటీ మారథాన్‌కి వెళ్దామని మీలో కొందరికి ఉత్సాహం పుడుతుంది. ఆ నెలలో ఉక్క ఎక్కువ, ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, మొదటి ఏడాదే 21 కిలోమీటర్లు వద్దు. చీకట్లో లేత రంగు చొక్కా వేసుకోండి, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేటట్టు కుడి పక్కన పరిగెత్తండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, గుంపు విడిపోవద్దు.

రేపు సోమవారం. ఐదుంబావుకి మీ కాలనీ గేటు దగ్గర, వాచ్‌మన్ గది పక్కన, నేనూ మా వాళ్లు నలుగురూ ఉంటాం. కొత్త బూట్లు కొనేదాకా ఆగకండి, ఉన్నవే వేసుకుని రండి. మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. ముగ్గురొచ్చినా మొదలుపెడదాం, వాన పడినా మేం వస్తాం. ఇందాక చెప్పిన, వేపచెట్టు కింద ఆగిపోయిన ఆయన కూడా వస్తున్నారు. రేపు అందరికంటే వెనక ఆయనే ఉంటానన్నారు, కాబట్టి ఎంత మెల్లగా పరిగెత్తినా మీ వెనక ఒక మనిషి ఉంటాడు.