ఫోల్డర్ ఎవరిది, పర్మిషన్ ఎవరికి?

(విశాఖపట్నంలో ఆఫీసు సిస్టమ్ అడ్మిన్ల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గాజువాక నుంచి, మద్దిలపాలెం నుంచి, కొందరు అనకాపల్లి నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

మీలో చాలామంది పనిచేసే ఆఫీసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవయ్యో, యాభయ్యో సిస్టమ్స్, ఒక సర్వర్, అందులో అందరూ వాడుకునే ఒక షేర్డ్ ఫోల్డర్. అది పోర్టు దగ్గర క్లియరింగ్ అండ్ ఫార్వర్డింగ్ ఆఫీసు కావచ్చు, రొయ్యల ఎగుమతి కంపెనీ కావచ్చు, సిరిపురంలో ఆడిటర్ గారి ఆఫీసు కావచ్చు. ఆ ఫోల్డర్ కథ మాత్రం చాలాచోట్ల ఒకేలా మొదలవుతుంది. సర్వర్ పెట్టిన రోజు తొందరలో ఎవరో 'ఎవ్రీవన్'కి, అంటే అందరికీ, 'ఫుల్ కంట్రోల్', అంటే అన్ని హక్కులూ, ఇచ్చేస్తారు. పని నడుస్తుంది. నడుస్తోంది కదా అని ఆ తర్వాత ఎవరూ దాని జోలికి వెళ్లరు.

ఈరోజు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. పర్మిషన్ మనిషి పేరు మీద ఇవ్వొద్దు, ఆ మనిషి చేసే పని పేరు మీద ఇవ్వండి. ఆ పని ఎవరు చేస్తారన్నది ఆ సెక్షన్ చూసుకునేవాళ్లు చెప్పాలి. అది మన నిర్ణయం కాదు. ఇక్కడి నుంచి నేను మాట్లాడేదంతా దీన్ని సర్వర్ మీద ఎలా అమలు చేయాలన్నదే.

ముందు పునాది. విండోస్ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద పంచితే దానికి రెండు రకాల పర్మిషన్లు ఉంటాయి. ఒకటి షేర్ పర్మిషన్. అందులో మూడే మెట్లు: రీడ్, చేంజ్, ఫుల్ కంట్రోల్. రెండోది ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్, ప్రాపర్టీస్ తెరిస్తే 'సెక్యూరిటీ' ట్యాబ్‌లో కనిపించేది. ఇది 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చిన ఫైల్ సిస్టమ్‌లోనిది. ఆఫీసు యూజర్లని, సిస్టమ్స్‌ని ఒకేచోట నుంచి నడపడానికి మనం వాడే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ మాత్రం విండోస్ 2000తో వచ్చింది. షేర్, ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్లు రెండింటినీ మన పోర్టుతో పోల్చి చూడండి. గేటు దగ్గర పాస్ చూపిస్తే లోపలికి వదులుతారు. లోపల గోడౌన్ తాళం వేరే. నెట్‌వర్క్ మీదుగా వచ్చే యూజర్ రెండూ దాటాలి, ఆ రెండింటిలో ఏది తక్కువైతే అదే అతనికి దక్కుతుంది. షేర్‌లో రీడ్, ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫుల్ కంట్రోల్ ఉంటే చదవడం తప్ప ఇంకేమీ చేయలేడు. రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వర్ మీదే కూర్చున్నవాడికి మాత్రం గేటుతో పనే లేదు, వాడు ముందే లోపల ఉన్నాడు. అందుకే అసలు కాపలా ఎప్పుడూ ఎన్‌టీఎఫ్ఎస్ దగ్గరే పెట్టండి.

మరి షేర్ దగ్గర ఏమివ్వాలి? 'ఎవ్రీవన్'ని తీసేసి, 'ఆథెంటికేటెడ్ యూజర్స్'కి, అంటే తామెవరో రుజువు చేసుకుని లాగాన్ అయినవాళ్లకి, చేంజ్, అడ్మినిస్ట్రేటర్స్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వమని నా సలహా. అక్కడ కూడా అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చి మిగతాది ఎన్‌టీఎఫ్ఎస్ చూసుకుంటుందిలే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఒక ఫైల్‌ని సృష్టించినవాడే దాని ఓనర్, ఓనర్‌కి ఆ ఫైల్ పర్మిషన్లు మార్చే హక్కు మామూలుగా ఉంటుంది. షేర్ దగ్గర చేంజ్ మాత్రమే ఇస్తే నెట్‌వర్క్ మీదుగా వచ్చినవాడికి ఆ వీలుండదు. ఫైల్ రాసుకుంటాడు, మార్చుకుంటాడు, తీసేస్తాడు, తాళాలు మాత్రం మార్చలేడు. లోపల ఎన్‌టీఎఫ్ఎస్‌లో కూడా ఇదే లెక్క. రోజూ పనిచేసేవాళ్లకి చదవడం, రాయడం, తీసేయడం వరకు ఇచ్చే 'మోడిఫై' సరిపోతుంది. 'ఫుల్ కంట్రోల్'లో అదనంగా వచ్చే ముఖ్యమైనవి పర్మిషన్లు మార్చడం, ఓనర్‌షిప్ తీసుకోవడం. వోచర్లు ఎంట్రీ చేసే గుమాస్తాకి వాటితో ఏం పని?

ఇప్పుడు నిదానంగా చూడాల్సిన చోటికి వచ్చాం. ఒక ఆఫీసులో నేను కళ్లారా చూసింది చెబుతాను, పేరు అనవసరం. సర్వర్‌లో కొత్తగా డీ డ్రైవ్ ఫార్మాట్ చేశారు. అందులో 'జీతాలు' అని ఫోల్డర్ పెట్టి, సెక్యూరిటీ ట్యాబ్‌లో హెచ్‌ఆర్ గ్రూపుని చేర్చి మోడిఫై ఇచ్చారు. హెచ్‌ఆర్ వాళ్లు తెరిచి చూసుకున్నారు, బాగానే ఉంది. పని అయిపోయిందనుకున్నారు. కొన్ని నెలలకి స్టోర్స్‌లో పనిచేసే కుర్రాడు వేరే ఫైల్ వెతుకుతూ ఆ ఫోల్డర్‌లోకి వెళ్లాడు. జీతాల షీటు తెరుచుకుంది. పక్క సీటులో తనతో సమానంగా పనిచేసే మనిషికి తనకన్నా ఎంత ఎక్కువ వస్తోందో చూశాడు. ఆ తర్వాత ఆ ఆఫీసులో వాతావరణం సర్దుకోవడానికి చాలా కాలం పట్టింది.

అక్కడ ఎవరూ తప్పు టిక్కు పెట్టలేదు. జరిగింది ఇది. ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ని ఫార్మాట్ చేయగానే దాని మొదట్లోనే కొన్ని పర్మిషన్లు తయారుగా ఉంటాయి. వాటిలో 'యూజర్స్' అనే లోకల్ గ్రూపుకి చదివే హక్కు ఒకటి, అది కింది ఫోల్డర్లన్నిటికీ వారసత్వంగా దిగుతుంది. సర్వర్‌ని డొమైన్‌లో చేర్చినప్పుడు 'డొమైన్ యూజర్స్' వెళ్లి ఆ 'యూజర్స్'లో సభ్యులవుతారు. కొత్తగా ఏ అకౌంట్ తెరిచినా అది దానంతటదే డొమైన్ యూజర్స్‌లో పడుతుంది. అంటే నిన్న చేరిన ట్రైనీ కూడా జీతాల షీటు చదవగలడు. మనం హెచ్‌ఆర్‌ని చేర్చామే గాని, పైనుంచి దిగినవాళ్లని తీసేయలేదు. సెక్యూరిటీ ట్యాబ్‌లో బూడిద రంగులో కనిపించే టిక్కులు ఇలా దిగినవే. వాటిని ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం మిమ్మల్ని ముందు వాటినే చదవమంటాను.

దీనికి మందు: 'అడ్వాన్స్‌డ్'లోకి వెళ్లి 'డిసేబుల్ ఇన్‌హెరిటెన్స్' నొక్కండి. అది రెండు దారులు చూపిస్తుంది. దిగినవాటన్నిటినీ సొంత పర్మిషన్లుగా మార్చి ఉంచుకోవడం ఒకటి, మొత్తం ఊడ్చేయడం రెండోది. మొదటిది ఎంచుకోండి. తర్వాత 'యూజర్స్' వరుసల్ని చేత్తో తీసేయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ ఉండనివ్వండి. రెండో దారిలో వెళ్తే ఒక్కోసారి మీరే బయట నిలబడాల్సి వస్తుంది. ఈ పని పై స్థాయి ఫోల్డర్ల దగ్గరే చేయండి. లోపల ఎనిమిదో మెట్టులో ఎక్కడో ఇన్‌హెరిటెన్స్ తెంచితే రేపు మీ తర్వాత వచ్చేవాడు దాన్ని వెతికి పట్టుకోలేడు. అంత లోపల ఏదైనా గోప్యంగా ఉంచాల్సి వస్తే దాన్ని పైకి తెచ్చి వేరే ఫోల్డర్ చేయండి.

జీతాల విషయమే కాదు. ఆ ఫోల్డర్లలో ఉద్యోగుల ఆధార్ కాపీలు, పాన్, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే వేసే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మీ ఎండీ గారికి ఎన్‌టీఎఫ్ఎస్ గురించి వినే ఓపిక లేకపోవచ్చు. ఈ అంకె చెప్పండి, వింటారు.

ఇక గ్రూపుల సంగతి. మైక్రోసాఫ్ట్ ఎప్పటినుంచో చెప్పే పద్ధతి ఒకటుంది. యూజర్లని గ్లోబల్ గ్రూపులో పెట్టు, గ్లోబల్ గ్రూపుని డొమైన్ లోకల్ గ్రూపులో పెట్టు, ఫోల్డర్ మీద పర్మిషన్ డొమైన్ లోకల్ గ్రూపుకే ఇవ్వు. వినడానికి గజిబిజిగా ఉంటుంది. క్లియరింగ్ ఆఫీసులో చూద్దాం. 'జీ-అకౌంట్స్' అనే గ్లోబల్ గ్రూపు అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరెవరున్నారో చెబుతుంది. 'డీఎల్-బిల్లులు-మోడిఫై' అనే డొమైన్ లోకల్ గ్రూపు బిల్లుల ఫోల్డర్‌లో మార్పులు చేసే హక్కుని చెబుతుంది. మొదటిదాన్ని తీసుకెళ్లి రెండోదాంట్లో పెడతాం. ఇప్పుడు అకౌంట్స్‌లో ఉన్న అమ్మాయిని డాక్యుమెంటేషన్‌కి మార్చారనుకోండి. 'జీ-అకౌంట్స్' నుంచి తీసి 'జీ-డాక్యుమెంటేషన్'లో వేస్తే చాలు. రావాల్సిన ఫోల్డర్లన్నీ వస్తాయి, పోవాల్సినవన్నీ పోతాయి. అదే ఆ అమ్మాయి పేరుని ఫోల్డర్ల మీద నేరుగా రాసి ఉంటే ఎన్నిచోట్ల రాశామో ఎవరికి గుర్తుంటుంది? కొత్తవి ఇవ్వమని ఆ అమ్మాయే ఫోన్ చేస్తుంది. పాతవి తీసేయమని ఎవరూ ఫోన్ చేయరు. పదేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగికి ఆఫీసులో సగం ఫోల్డర్లు తెరుచుకోవడానికి కారణం ఇదే.

ఒకే డొమైన్ ఉన్న చిన్న ఆఫీసుకి రెండంచెలు అవసరమా అని అడుగుతారు. బరువనిపిస్తే ఒక అంచెతో మొదలుపెట్టండి, అభ్యంతరం లేదు. సెక్యూరిటీ ట్యాబ్‌లో మాత్రం మనిషి పేరు కనిపించకూడదు. మనిషి వెళ్లిపోయి అకౌంట్ తీసేశాక అక్కడ మిగిలేది ఎస్-1-5-21 అని మొదలయ్యే ఒక పొడుగాటి అంకెల తాడు. అది ఎవరిదో మీ ఆఫీసులో ఎవరూ చెప్పలేరు.

సెక్యూరిటీ ట్యాబ్‌లో 'అలో' అంటే హక్కు ఇచ్చే టిక్కు, 'డినై' అంటే వద్దని ఆపే టిక్కు. ఆ డినై గురించి ఒక మాట. దాన్ని వాడకండి. ఒక యజమాని తన ఫోల్డర్‌లోకి సిబ్బంది ఎవరూ రాకూడదని డొమైన్ యూజర్స్‌కి డినై పెట్టించాడు. తానూ డొమైన్ యూజరే కదా, మర్నాడు తన ఫోల్డర్ తనకే తెరుచుకోలేదు. పైగా డినై ఎప్పుడూ నెగ్గుతుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. ఒకే ఫోల్డర్ మీద నేరుగా పెట్టిన డినై, అలోల మధ్య డినైదే పైచేయి. కానీ పైనుంచి దిగిన డినై కన్నా ఆ ఫోల్డర్ మీద నేరుగా పెట్టిన అలో బలమైనది. ఎవరికి వద్దో వాళ్లకి అసలు ఇవ్వకపోవడమే శుభ్రమైన దారి.

"పర్మిషన్ ఇచ్చానన్నారు, ఇంకా రావట్లేదండీ" అనే ఫోన్ మీ అందరికీ వచ్చే ఉంటుంది. యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నాడన్నది లాగాన్ అయినప్పుడు తీసుకునే టికెట్‌లో రాసి ఉంటుంది. మీరు మధ్యలో గ్రూపులో చేర్చినా పాత టికెట్‌కి ఆ సంగతి తెలియదు. లాగాఫ్ చేసి మళ్లీ రమ్మనండి. స్క్రీన్ లాక్ చేసి తెరిస్తే సరిపోదు. వచ్చాక కమాండ్ ప్రాంప్ట్‌లో 'హూయామ్ఐ' పక్కన 'స్లాష్ గ్రూప్స్' కొట్టిస్తే కొత్త గ్రూపు కనిపించాలి.

ఇదే సంగతి తిరగేస్తే ప్రమాదం. ఉదయం పదకొండింటికి ఒకరిని ఉద్యోగంలోంచి తీసేశారు, మీరు వెంటనే గ్రూపులోంచి తీసేశారు. అతని సిస్టమ్ ఇంకా లాగాన్‌లోనే ఉంటే? లాగాన్‌లో తీసుకునే ఆ టికెట్‌ని కెర్బరోస్ టికెట్ అంటారు, దాని గడువు మామూలుగా 10 గంటలు. సాయంత్రం దాకా అతను ఫైళ్లు కాపీ చేసుకుంటూ కూర్చోగలడు. అలాంటప్పుడు అకౌంట్ డిసేబుల్ చేయడంతో ఆగకండి. సర్వర్‌లో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్' తెరిచి, 'షేర్డ్ ఫోల్డర్స్' కింద 'సెషన్స్'లో అతని పేరు మీదున్న సెషన్ మూసేయండి, అతని సిస్టమ్‌ని కూడా లాగాఫ్ చేయించండి.

ఫైళ్లని తెరవకుండా చేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ మాటకొద్దాం. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, విండోస్ నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లోపం పట్టుకుని ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చి ఉంది. ప్యాచ్‌లు వేయండి, ఎస్ఎంబీ 1 ఆపేయండి, అవి తప్పవు. దాంతోపాటు ఇదీ గమనించండి. ఒక యూజర్ సిస్టమ్‌లో దూరిన రాన్సమ్‌వేర్ ఆ యూజర్ పేరుతోనే సర్వర్ మీదికి వస్తుంది. అతనికి ఎక్కడెక్కడ రాసే హక్కుందో అక్కడి ఫైళ్లన్నీ పాడుచేస్తుంది, చదివే హక్కు మాత్రమే ఉన్నచోట ఫైళ్లని పాడుచేయడం దానివల్ల కాదు. మూడేళ్ల కిందటి షిప్పింగ్ బిల్లుల్ని ఎవరైనా మార్చాలా? ఆడిట్ ముగిసిన సంవత్సరాల ఫోల్డర్లని అందరికీ రీడ్‌కి దించేయండి. డబ్బు ఖర్చులేని రక్షణ ఇది.

ఈ ఊళ్లో బ్యాకప్ ఎందుకని అడిగేవాళ్లు లేరు, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ చూసినవాళ్లం. కానీ మీ బ్యాకప్‌లో ఫైళ్లతోపాటు పర్మిషన్లు వస్తున్నాయా? ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన బయటి డ్రైవ్‌కి కాపీ చేస్తే ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, ఆ ఫార్మాట్‌కి ఈ పర్మిషన్లు దాచుకునే చోటే లేదు. తిరిగి సర్వర్‌లో పెట్టినప్పుడు అన్నీ కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తొడుక్కుంటాయి, జీతాల షీటుతో సహా. ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్ వాడండి, కాపీకి విండోస్‌లో ఉండే రోబోకాపీ కమాండ్‌లో 'కాపీఆల్' స్విచ్ పెట్టండి. 'ఐక్యాకల్స్' కమాండ్‌కి 'సేవ్' అనే స్విచ్ ఉంది, పర్మిషన్లని ఒక ఫైల్‌లోకి రాసిస్తుంది. పెద్ద మార్పు ఏది చేసే ముందైనా దాన్ని నడపండి.

చివరిగా, నిర్ణయం ఎవరిదన్న సంగతి. ప్రతి పై స్థాయి ఫోల్డర్‌కీ ఆఫీసులో ఒక బాధ్యుడు ఉండాలి. అకౌంట్స్ ఫోల్డర్‌కి అకౌంట్స్ మేనేజర్ గారు. ఎవరికి ఇవ్వాలన్నా ఆయన మెయిల్ పెట్టాకే ఇవ్వండి. కారిడార్‌లో ఎదురైనవాళ్లు "బాబూ, కాస్త ఆ ఫోల్డర్ ఇవ్వు" అంటే మొహమాటపడకండి, సార్ చేత ఒక మెయిల్ పెట్టించమనండి. మూడు నెలలకోసారి ఆ ఫోల్డర్ గ్రూపుల్లో ఉన్నవాళ్ల పేర్లు కాగితం మీద తీసి ఆయన బల్ల మీద పెట్టండి. గ్రూపుల పేర్లతో పని లేదు, మనుషుల పేర్లు, ఎదురుగా 'చదవగలరు', 'మార్చగలరు' అని రాయండి. వెళ్లిపోయినవాళ్లని, సెక్షన్ మారినవాళ్లని ఆయనే కొట్టేస్తారు. అది ఆయనకి తెలిసినంతగా మనకి తెలియదు.

భోజనాలయ్యాక పక్క గదిలో ల్యాబ్ ఉంది. ఒక సర్వర్, డీ డ్రైవ్‌లో ఆరు ఫోల్డర్లు తయారుగా ఉంచాం. వాటిలో ఒకటి స్టోర్స్ యూజర్‌కి తెరుచుకోకూడదు గాని తెరుచుకుంటోంది. 'ఎఫెక్టివ్ యాక్సెస్' ట్యాబ్‌లో ఆ యూజర్ పేరు పెట్టి చూసి, హక్కు ఏ గ్రూపు నుంచి, పైన ఎక్కడి నుంచి దిగుతోందో ముందు కాగితం మీద రాయండి. రాశాకే పర్మిషన్లు మార్చడానికి మౌస్ ముట్టుకోవాలి.