చంపని షెల్టర్ అంటే రోజుల లెక్క

నమస్కారం. ‘మా షెల్టర్‌లో ఒక్క జంతువునీ చంపం’ అని ఎవరైనా అంటే రెండు అంకెలు అడగండి. వచ్చినవాటిలో ఎన్ని ప్రాణంతో బయటికెళ్లాయి? సగటున ఎన్ని రోజులు లోపలున్నాయి?

మొదటిదానికి వాడుకలో ఉన్న గీత 90 శాతం. 1,000 వస్తే కనీసం 900 దత్తతకో, యజమాని దగ్గరికో, మరో సంస్థకో వెళ్లాలి. మిగతా పది శాతం కోటా కాదండోయ్! నయంకాని బాధతో ఉన్నవాటికి, మనుషుల మీద పడి కరిచేవాటికి వదిలిన వెసులుబాటు అది. ఈ శాతాన్ని పెంచి చూపడం కూడా తేలికే, ఆరోగ్యంగా ఉన్న కుక్కపిల్లల్నీ పిల్లికూనల్నీ మాత్రమే చేర్చుకుంటే సరి.

నన్నడిగితే అసలు అంకె రెండోది. రోజుకు 5 వస్తూ ఒక్కోటి 20 రోజులుంటే, ఎప్పుడు చూసినా లోపల 100 ఉంటాయి. 30 రోజులైతే 150. బోన్లేమో వందే! రెండేసి కుక్కుతారు. పిల్లులకు జలుబు, కుక్కలకు దగ్గు మొదలవుతాయి. జబ్బుపడ్డదాన్ని ఎవరూ తీసుకెళ్లరు, రోజులు ఇంకా పెరుగుతాయి. కొత్త బోన్లు కట్టినా అవీ నిండుతాయి.

మరి రోజులెక్కడ తగ్గించాలి? టీకా గుమ్మం దగ్గరే వేసేయాలి. కూనలకు నాలుగు నుంచి ఆరు వారాల వయసులో మొదలుపెట్టి, షెల్టర్‌లో ఉంటే సుమారు ఐదు నెలల వయసు వచ్చేదాకా రెండేసి వారాలకు మళ్లీ వేయాలి. పార్వో (కుక్కపిల్లల ప్రాణాలు తీసే, వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు) బయటపడటానికి 14 రోజుల దాకా పట్టొచ్చు, అనుమానం ఉన్నవాటిని విడిగా ఉంచాలి. నేల కడగడానికి లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం, పది నిమిషాలు తడి ఆరకుండా. పెంట తీసి సబ్బుతో కడగకుండా పోస్తే దండగే, మురికిలో బ్లీచ్ పనిచేయదు.

చాలాచోట్ల రోజులు తినేసేది సంతాన నిరోధక ఆపరేషన్ కోసం ఎదురుచూపు. ఎనిమిది వారాల ఆరోగ్యమైన కుక్కపిల్లకైనా, పిల్లికూనకైనా చేసేయొచ్చు, ఆరు నెలలు ఆగక్కర్లేదు. రోజూ ఒకరు ప్రతి బోను ముందు ఆగి ‘దీనికి తర్వాత ఏం కావాలి, ఎవరు చేస్తారు’ అని రాసుకోవాలి. ఇది లేకే, అన్నీ పూర్తయినవి కూడా ఒక్క సంతకం కోసం వారాలు పడుంటాయి.

తల్లిలేని పిల్లికూనలు ఫోస్టర్ ఇళ్లకు, అంటే కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకుని సాకేవాళ్ల దగ్గరికి పోవాలి. బలంగా ఉన్న వీధిపిల్లుల్ని అసలు చేర్చుకోవద్దు: ఆపరేషన్, టీకా, గుర్తుగా చెవికొన కత్తిరింపు, పట్టుకున్నచోటే విడిచిపెట్టడం. యజమానులు తెచ్చేవాటికి అపాయింట్‌మెంట్ పెట్టండి, గాయపడ్డవాటికి మాత్రం వద్దు. ఈలోగా ఆ యజమానికి ఫోన్ చేసి ఎందుకు వదిలేస్తున్నారో అడగండి. దాణా ఖర్చో, వైద్యం ఖర్చో అయితే, ఆ కాస్త సాయం మీరు చేసినా బోను ఖర్చుకన్నా తక్కువే.