మస్టాంగ్ ఇంజిన్ వేసే తాళం

అందరికీ నమస్కారం. ముందు ఈ బల్ల మీద ఒకసారి వాయిస్తాను, వినండి. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. మళ్లీ మొదటికి. ఆది తాళంలో లాగే ఎనిమిది దెబ్బలు. కాలప్రమాణం ఎక్కడా తప్పలేదు. కానీ ఒక్క కుడిచేతినే వింటే ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఫోర్డ్ మస్టాంగ్ వి8 ఇంజిన్ చప్పుడు ఇదే. సిలిండర్లు ఎనిమిది, వరసకి నాలుగు చొప్పున రెండు వరసలు. క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 90 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ మండుతుంది. పాత 289 ఇంజిన్‌లో (సిలిండర్ల మొత్తం పరిమాణం 289 క్యూబిక్ అంగుళాలు) ఆ క్రమం 1-5-4-2-6-3-7-8. నాలుగు దాకా కుడి వరస, మిగతావి ఎడమ వరస. 4, 2 వెంటవెంటనే మండుతాయి. 7, 8 కూడా అంతే. ఒకే వైపు గొట్టంలోకి రెండు దెబ్బలు మీదమీద పడి, ఆ తర్వాత ఖాళీ వస్తుంది. ఆ గుడగుడ అందుకే.

అయితే ఈ కారు కథ ఒక్క వి8తోనే మొదలవలేదు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో చూపించినప్పుడు ప్రారంభ ధర 2,368 డాలర్లు. ఆ డబ్బుకి వచ్చేది ఫాల్కన్ అనే సాదా కారులోంచి తెచ్చిన ఆరు సిలిండర్ల ఇంజిన్, 101 హార్స్‌పవర్. దాని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధగా ఉంటుంది. ఆరు సిలిండర్ల బండ్లు లక్షల్లో అమ్ముడుపోబట్టే ఈ పేరు నిలబడింది.

తర్వాత బలం కోసం పోటీ. 1967లో 390 క్యూబిక్ అంగుళాలు, 1968లో 428 కోబ్రా జెట్ అనే ఇంజిన్. కాగితం మీద దాని బలం 335 హార్స్‌పవర్. అసలు బలం అంతకంటే బాగా ఎక్కువ. ఇన్సూరెన్స్ ఎక్కువ పడుతుందన్న భయంతోనే తగ్గించి రాశారని అంటారు.

అసలు ఆ రోజుల లెక్కలు చూసి మోసపోవద్దు. ఇంజిన్‌ని బండిలోంచి తీసి, ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ లేకుండా కొలిచేవాళ్లు. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలవడం మొదలైంది. ఒక్క ఏడాదిలో అంకెలు పడిపోయాయి. పొగ నియమాల వల్ల కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలీ పెట్రోలూ నొక్కే మోతాదు, తగ్గించిన మాటా నిజమే, కానీ ఆ తరుగులో చాలా భాగం కొలత మారడం వల్ల వచ్చిందే.

1974 మోడల్‌లో వి8 అసలు లేదు. నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఇంజిన్, 88 హార్స్‌పవర్. ఆ మస్టాంగ్ 2ని ఇప్పటికీ వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. అది షోరూముల్లోకి వచ్చింది 1973 సెప్టెంబరులో. అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. పెట్రోల్ బంకుల ముందు క్యూలు కట్టిన జనం ఆ ఏడాది 3,85,000 పైగా కొన్నారు. ఆ చిన్న ఇంజిన్ లేకపోతే మస్టాంగ్ అక్కడే ఆగిపోయేదని నా నమ్మకం.

1975లో 302 వి8 తిరిగొచ్చింది. 289కి సొంత తమ్ముడు. సిలిండర్ వెడల్పు అదే నాలుగు అంగుళాలు, పిస్టన్ నడక మాత్రం 2.87 నుంచి 3 అంగుళాలకి పెరిగింది. తిరిగొచ్చినప్పుడు 140 హార్స్‌పవర్ లోపే. 1982లో 157, 1987లో 225. ఇది కొత్త పద్ధతి కొలత, గుర్తుపెట్టుకోండి. 1995 దాకా ఆ కుటుంబం ఈ కారుని మోసింది. 2011లో కొత్త 5.0 లీటర్ల వి8 వచ్చింది, 412 హార్స్‌పవర్. లోపల అంతా కొత్తదే, తాళం మాత్రం పాతదే.

ఆ తాళం తప్పింది 2015లో వచ్చిన షెల్బీ జీటీ350 అనే మస్టాంగ్ రకంలో. దాని క్రాంక్‌షాఫ్ట్ వంపులన్నీ ఒకే చదునులో ఉంటాయి, దెబ్బలు కుడి, ఎడమ, కుడి, ఎడమ అని సమంగా పడతాయి. నిమిషానికి 8,250 చుట్ల దాకా వెళ్తుంది, గుడగుడ పోయి కేక వస్తుంది. గొప్ప ఇంజిన్, ఒప్పుకుంటాను. నా చెవి మాత్రం పాతదే అడుగుతుంది.

బయట పార్కింగ్‌లో నా 1989 బండి ఉంది, 302. సిలిండర్ల క్రమం 1-3-7-2-6-5-4-8కి మార్చారు, కానీ కుడి ఎడమల వరస లెక్కపెట్టి చూడండి, ఇందాక నేను బల్ల మీద వాయించిందే. రండి, స్టార్ట్ చేస్తాను. ఒకరు కుడి గొట్టం దగ్గర, ఒకరు ఎడమ గొట్టం దగ్గర నిలబడండి.