పోలిక కుదిరిందా? డచ్ చిత్రకారులూ నాలుగు సువార్తలూ

శ్రోతలకు నమస్కారం.

1656 జులై 25, 26 తేదీల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక పెద్ద ఇంట్లో గుమాస్తాలు గది గదీ తిరుగుతూ సామాన్ల జాబితా రాశారు. ఆ ఇల్లు రెంబ్రాంట్ అనే చిత్రకారుడిది. అప్పులు తీర్చలేక దివాలా అర్జీ పెట్టుకున్నాడు. కుర్చీలు, పాత ఆయుధాలు, గవ్వలు, బొమ్మల కట్టలు, అన్నీ కలిపి 363 పద్దులు. వాటిలో ఒకటి ఇలా ఉంటుంది: క్రీస్తు శిరస్సు, మనిషిని ఎదుట చూసి వేసినది.

పదహారు వందల ఏళ్ల కిందటి మనిషిని ఎదుట కూర్చోబెట్టి ఎవరు బొమ్మ వేయగలరు? రెంబ్రాంట్ ఎవరో ఒక యువకుణ్ణి కూర్చోబెట్టి, అతన్ని చూస్తూ క్రీస్తును వేశాడన్నమాట. పోర్చుగల్ నుంచి తరలివచ్చిన యూదులు ఎక్కువగా ఉన్న పేటలోనే రెంబ్రాంట్ ఇల్లు. ఆ యువకుడు ఆ పేటలోని యూదుడే అయి ఉంటాడని కళాచరిత్రకారులు చాలామంది అనుకుంటున్నారు. అంతకు ముందు యూరప్‌లో క్రీస్తు ముఖానికి ఒక లెక్క ఉండేది. లెంటులస్ అనే రోమన్ అధికారి రాసినట్టుగా చలామణి అయిన ఒక ఉత్తరంలో యేసు జుట్టు రంగు, గడ్డం, నుదురు అన్నీ వర్ణించి ఉండేవి. ఆ ఉత్తరం మధ్యయుగాల్లో పుట్టిన నకిలీ. చిత్రకారులు మాత్రం తరతరాలుగా ఆ పోలికనే వేస్తూ వచ్చారు. రెంబ్రాంట్ దాన్ని పక్కన పెట్టాడు. యేసు యూదుడు కాబట్టి యూదుడి ముఖంలోనే ఆయన్ని వెతకాలి అనుకున్నట్టుంది. ఇది చరిత్రకారుడు ఆలోచించే పద్ధతి. నాకు రెంబ్రాంట్ మీద ఉన్న గౌరవంలో సగం ఈ ఒక్క నిర్ణయం వల్లే.

యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తలు మత్తయి, మార్కు, లూకా, యోహానుల పేర్ల మీద ఉన్నాయి. ఈ నలుగురిలో ఏ ఒక్కరూ యేసు ఎలా ఉండేవాడో చెప్పలేదు. ఎత్తు, రంగు, కళ్లు, ఏమీ లేవు. ఆ కాలపు రోమన్ జీవితచరిత్రకారుడు సుయెటోనియస్ చక్రవర్తుల బట్టతల సంగతి కూడా రాశాడు. సువార్తలు మాత్రం ముఖం ఊసెత్తకుండానే ఒక మనిషిని మన ముందు నిలబెడతాయి. అలా నిలబెట్టిన మనిషి నిజంగా ఆ మనిషేనా అన్న ప్రశ్న మీద క్రైస్తవుల మధ్యే పద్దెనిమిది వందల ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ వాదనలో ఇరుపక్షాలూ ఎక్కువగా వాడే మాట ఒకటుంది. సువార్తలు ఫోటోలు కావు, చేత్తో వేసిన రూపచిత్రాలు అంటారు. మాట బాగుంది. కానీ రూపచిత్రం అంటే ఏమిటో, దాన్ని ఎలా వేస్తారో తెలియకుండా ఆ మాట వాడితే లాభం లేదు. అందుకే ముందు పదిహేడో శతాబ్దపు హాలండ్‌కు వెళ్దాం.

అప్పట్లో హాలండ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ బోధను అనుసరించిన చర్చీల గోడల మీద బొమ్మలు ఉండేవి కావు. చిత్రకారులకు చర్చి పని పోయింది. దాని బదులు వర్తకులు, వైద్యులు, సంఘాల పెద్దలు, కొత్తగా పెళ్లయిన జంటలు తమ ముఖాలు వేయించుకోవడానికి డబ్బులు పెట్టారు. అలా రూపచిత్రం ఒక పెద్ద వ్యాపారమైంది. ఆ రోజుల్లో అలా బొమ్మ వేయించుకున్నవాళ్లలో కాన్‌స్టాంటైన్ హైగెన్స్ ఒకడు. ఆరెంజ్ రాకుమారుడి కార్యదర్శి, కవి. శని గ్రహానికి టైటన్ అనే ఉపగ్రహం ఉందని కనిపెట్టిన క్రిస్టియాన్ హైగెన్స్‌కు తండ్రి. ఈయన తన అనుభవాన్ని స్వయంగా రాసిపెట్టడం మన అదృష్టం.

1628 ప్రాంతంలో యాన్ లీవెన్స్ అనే యువ చిత్రకారుడు హైగెన్స్ బొమ్మ వేస్తానని వెంటపడ్డాడు. అది చలికాలం, పగటి వెలుతురు తక్కువ. హైగెన్స్‌కు ఉద్యోగంలో తీరిక లేదు. దాంతో లీవెన్స్ అప్పటికి బట్టలూ చేతులూ వేసుకుని వెళ్లిపోయాడు. ముఖాన్ని వసంతకాలానికి వాయిదా వేశాడు. వసంతం రాగానే, అనుకున్న రోజు కంటే ముందే వచ్చి ముఖం పూర్తి చేశాడు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. నల్లటి దుస్తుల్లో, చేతులు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, ఆలోచనలో మునిగి కూర్చున్న మనిషి. చూస్తే ఒక్క క్షణంలో పట్టుకున్నట్టే ఉంటుంది. నిజానికి చేతులు చలికాలానివి, ముఖం వసంతానిది. హైగెన్స్ ఏ ఒక్క రోజూ సరిగ్గా అలా కూర్చోలేదు.

ఆ బొమ్మ చూసిన స్నేహితులు కొందరు పెదవి విరిచారు. నువ్వు ఇంత చలాకీ మనిషివి, ఇందులో ఇంత దిగులుగా ఉన్నావేమిటి అన్నారు. హైగెన్స్ చిత్రకారుణ్ణి వెనకేసుకొచ్చాడు. తప్పు నాదే, అప్పుడు నేనొక ఇంటి వ్యవహారంతో సతమతమవుతున్నాను, లోపల దాచుకుందామనుకున్న దిగులు ముఖంలోకి వచ్చేసింది అని రాశాడు. స్నేహితులకు తెలియని సంగతి చిత్రకారుడి చేతికి చిక్కింది.

ఇది విని హైగెన్స్ ఏ బొమ్మనైనా మెచ్చుకునే రకం అనుకోకండి. 1632లో రెంబ్రాంట్ హైగెన్స్ స్నేహితుడు జాక్ ద ఖేయ్న్ బొమ్మ వేశాడు. హైగెన్స్‌కు నచ్చలేదు. ముఖం కుదరలేదంటూ లాటిన్‌లో వరసగా చిన్న చిన్న పద్యాలు రాశాడు. చిత్రకారుడి నేర్పును ఒప్పుకుంటూనే, ఇది మా ద ఖేయ్న్ కాదు అని ఎగతాళి చేశాడు. ఆ చిన్న బొమ్మ ఇప్పుడు లండన్‌లోని డల్విచ్ గ్యాలరీలో ఉంది. 1966 నుంచి 1983 దాకా నాలుగుసార్లు దొంగలపాలై, నాలుగుసార్లూ తిరిగి దొరికింది.

అంటే హైగెన్స్ రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాడు. బొమ్మను ఎలా కూర్చారు? చేతులు ఎప్పుడు వేశారు, ముఖం ఎప్పుడు వేశారు? ఇందులో చిత్రకారుడికి చాలా స్వేచ్ఛ ఇస్తాడు. రెండోది, మనిషి దొరికాడా లేదా? ఇందులో మాత్రం రవ్వంత కూడా రాజీపడడు. ఎందుకంటే ద ఖేయ్న్ ఎలా ఉంటాడో ఆయనకు తెలుసు.

ఈ రెండు ప్రశ్నలనూ సువార్తల దగ్గరికి తీసుకెళ్దాం. మత్తయి ఎనిమిదో అధ్యాయంలో కపెర్నహూము ఊళ్లో ఒక శతాధిపతి, అంటే వంద మంది సైనికుల మీద అధికారి, యేసు దగ్గరికి తానే వచ్చి, తన సేవకుణ్ణి బాగుచేయమని వేడుకుంటాడు. లూకా ఏడో అధ్యాయంలో అదే శతాధిపతి అసలు రాడు. ముందు యూదుల పెద్దల్ని పంపుతాడు, తర్వాత స్నేహితుల్ని పంపుతాడు. మీరు నా ఇంటి కప్పు కిందికి రావడానికి నేను తగినవాణ్ణి కాదన్న మాట రెండింటిలోనూ ఉంది. మత్తయి మధ్యవర్తుల్ని తీసేసి, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు. అలాగే యేసు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోసిన ఘట్టం. మత్తయి, మార్కు, లూకాలలో అది చివరి వారంలో వస్తుంది. యోహానులో రెండో అధ్యాయంలోనే, అంటే పరిచర్య మొదట్లోనే ఉంది.

ఇలాంటి చోట ఏం చేయాలి? 1537లో ఆండ్రియాస్ ఓసియాండర్ అనే లూథరన్ పండితుడు నాలుగు సువార్తల్నీ కలిపి ఒక వరస కట్టాడు. ఆయన పట్టు ఏమిటంటే, సంఘటన వేరే చోట, వేరే వివరాలతో కనిపిస్తే అది వేరే సంఘటనే, రెండోసారి జరిగిందన్నమాట. ఇది చిత్రకారుడి కుంచె కదలిక ప్రతిదాన్నీ కెమెరా క్లిక్‌గా లెక్కపెట్టడం. కాల్విన్ దీన్ని ఒప్పుకోలేదు. 1555లో వెలువరించిన తన వ్యాఖ్యానంలో, సువార్తికులు కాలక్రమాన్ని ఖచ్చితంగా పాటించాలని పెట్టుకోలేదని సూటిగానే రాశాడు. బైబిలును అంతగా నమ్మిన మనిషి ఆ మాట అనడానికి జంకలేదు.

రెండు వందల ఏళ్ల తర్వాత హాంబర్గ్‌లో హెర్మన్ రైమారుస్ అనే ఆచార్యుడు అదే గజంబద్దతో ఎదురుదిశలో కొలిచాడు. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు ఎంతమంది, దూతలు ఎంతమంది అని పోల్చి చూసి, తేడాలు పట్టుకుని, శిష్యులు కథ కట్టారని తేల్చాడు. బతికుండగా అచ్చు వేయించలేదు. ఆయన పోయాక 1774 నుంచి లెసింగ్ అనే జర్మన్ రచయిత కొన్ని భాగాలు ప్రచురిస్తే జర్మనీ అట్టుడికిపోయింది. గమనించండి, ఓసియాండర్ భక్తుడు, రైమారుస్ విమర్శకుడు. ఇద్దరూ అడిగింది మాత్రం పాస్‌పోర్ట్ ఫోటోనే. ఒకాయన ఇది ఫోటోనే అని పట్టుబట్టాడు, ఇంకొకాయన ఫోటో కాదు కాబట్టి అబద్ధం అన్నాడు. నాకు తెలిసి ఇవాళ్టి వాదనల్లో సగం ఈ గొయ్యిలోనే పడుతున్నాయి.

దీనికి వేరే దారి చూపినవాడు రెంబ్రాంట్ పేటలోనే ఉన్నాడు. రెంబ్రాంట్ ఇంట్లో జాబితా రాసిన మర్నాడే, జులై 27న, ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం 23 ఏళ్ల స్పినోజా అనే తత్వవేత్తను వెలివేసింది. 1670లో ఆయన పేరు లేకుండా, హాంబర్గ్‌లో అచ్చయిందని తప్పుడు చిరునామా వేసి ఒక పుస్తకం తెచ్చాడు. లేఖనాన్ని అర్థం చేసుకోవాలంటే ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏ భాషలో, ఏ అలవాటులో రాశారు అని ముందు అడగాలన్నాడు. 1674లో ఆ పుస్తకాన్ని నిషేధించారు. ఆయన తీర్మానాలన్నీ విశ్వాసులు ఒప్పుకోలేరు. కానీ ఆ ప్రశ్నలు ఇప్పుడు సెమినరీ విద్యార్థులందరూ నేర్చుకునేవే.

ఆ ప్రశ్నలు వేస్తే సువార్తికులే కొంత జవాబు ఇస్తారు. లూకా మొదటి వాక్యాల్లోనే తన పద్ధతి చెప్తాడు: తన కంటే ముందు చాలామంది రాశారు, మొదటి నుంచి కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులు ఉన్నాయి, వాటన్నిటినీ తరచి తెలుసుకుని థెయొఫిలా అనే వ్యక్తి కోసం రాస్తున్నాను అంటాడు. రెండో శతాబ్దం మొదట్లో పపియాస్ అనే బిషప్ మార్కు గురించి ఒక మాట రాసిపెట్టాడు. మార్కు, యేసు ముఖ్య శిష్యుడు పేతురు చెప్పింది గుర్తున్నంత వరకు జాగ్రత్తగా రాశాడు, వరస ప్రకారం మాత్రం రాయలేదు అని. వసంతకాలపు ముఖమూ చలికాలపు చేతులూ ఆనాటివాళ్లకు తెలిసిన సంగతే.

1978లో షికాగోలో 200 మందికి పైగా ఇవాంజెలికల్ నాయకులు, అంటే బైబిలే అంతిమ ప్రమాణమనే ప్రొటెస్టెంట్లు, బైబిలులో తప్పు లేదని ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. అందులో కూడా పదమూడో అంశం, విషయాన్ని బట్టి వరస మార్చడం, ఒకే సంఘటన నుంచి వేర్వేరు వివరాలు ఎంచుకోవడం తప్పుల కిందికి రావని చెప్తుంది. ఎంత దాకా రావు అన్న దగ్గరే గొడవ. 2010లో మైక్ లికోనా అనే అమెరికన్ పండితుడు, మత్తయి 27లో సమాధులు తెరుచుకుని పరిశుద్ధులు లేచిన మాట కవితాత్మకంగా చెప్పింది కావచ్చన్నాడు. యేసు పునరుత్థానాన్ని గట్టిగా సమర్థించే పుస్తకంలోనే ఆ మాట ఉంది. ఆ షికాగో ప్రకటన పెద్దల్లో ఒకరైన నార్మన్ గైస్లర్ ఆ మాట వెనక్కి తీసుకోవాలని బహిరంగంగా అడిగాడు. లికోనా తీసుకోలేదు. తర్వాత ఆయన గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒకే సంఘటనను తన వేర్వేరు జీవితచరిత్రల్లో వేర్వేరుగా ఎలా చెప్పాడో పోల్చి చూపించాడు. పాత్రల్ని తగ్గించడం, కాలాన్ని కుదించడం, మాటను ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి మార్చడం ఆనాటి జీవితచరిత్రల్లో మామూలే అని.

నేను ఆయన వైపే మొగ్గుతాను. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రూపచిత్రం అన్న మాటతో అన్ని చిక్కులూ తీరవు. లూకా రెండో అధ్యాయంలో యేసు పుట్టినప్పుడు సిరియాలో కురేనియ అధిపతిగా ఉండగా జనాభా లెక్కలు జరిగాయని ఉంది. చరిత్రలో మనకు తెలిసిన కురేనియ లెక్కలు క్రీ.శ. 6లో జరిగాయి. యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్నాడని మత్తయి చెప్పే హేరోదు చనిపోయిందేమో, ఎక్కువమంది లెక్క ప్రకారం క్రీ.పూ. 4లో. ఈ పదేళ్ల తేడాకు చాలా సమాధానాలు వచ్చాయి. ఏదీ నన్ను ఒప్పించలేదు. అలాగే యేసు సిలువ వేయబడింది యూదుల పండుగ పస్కా భోజనం తర్వాతి పగలా, పస్కా గొర్రెపిల్లల్ని వధించే రోజా అన్న దగ్గర యోహానుకూ మిగతా ముగ్గురికీ పొత్తు కుదరదు. కుదరలేదని ఒప్పుకోవడం వల్ల విశ్వాసానికి వచ్చే నష్టం, కుదిరిందని బలవంతాన చూపించడం వల్ల వచ్చే నష్టం కంటే తక్కువ అని నా నమ్మకం.

అసలు ప్రశ్న రెండోది: మనిషి దొరికాడా? ద ఖేయ్న్ విషయంలో చెప్పడానికి హైగెన్స్ ఉన్నాడు. ఇక్కడ ఎవరున్నారు? సువార్తల కంటే ముందే, క్రీ.శ. 50ల్లో పౌలు అనే తొలితరం క్రైస్తవ బోధకుడు కొరింథు సంఘానికి రాస్తూ, లేచిన క్రీస్తును చూసిన 500 మందికి పైగా సహోదరుల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారన్నాడు. తాను పేతురునూ, యేసు సహోదరుడు యాకోబునూ కలిశానని గలతీయులకు రాశాడు. క్రైస్తవులంటే ఏ మాత్రం గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, రోమన్ అధిపతి పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో బయటపడింది. రిచర్డ్ బాకమ్ వంటి పండితులు సువార్తల్లో చూసినవాళ్ల సాక్ష్యం సూటిగా వినిపిస్తుందంటారు. బార్ట్ ఎర్మన్ వంటివాళ్లు, యేసు చారిత్రక వ్యక్తి అని ఒప్పుకుంటూనే, మార్కు రాసేసరికి దాదాపు నలభై ఏళ్లు నోటి నుంచి నోటికి సాగిన కథనం చాలా మారి ఉంటుందంటారు. పేతురు తనకు యేసు తెలియదని బొంకిన సంగతి నాలుగింటిలోనూ ఉంది. తమ పెద్ద నాయకుడికి సిగ్గుచేటైన దాన్ని నలుగురూ దాచకపోవడం నాకు బలమైన ఆధారంగా కనిపిస్తుంది.

ఈ తేడాల్ని వదిలించుకునే అవకాశం సంఘానికి ఒకప్పుడు చేతికందింది. క్రీ.శ. 170 ప్రాంతంలో టాటియన్ అనే పండితుడు నాలుగు సువార్తల్నీ కలిపి, తేడాలు సర్ది, ఒకే కథగా రాశాడు. సిరియా సంఘాల్లో తరతరాలు దాన్నే చదివారు. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ తన పరిధిలోని చర్చీల్లో దాని ప్రతులు 200కు పైగా దొరికితే, వాటన్నిటినీ తీసేయించి, ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగని ఆ నాలుగు సువార్తలనే తిరిగి పెట్టించాడు.

సెలవు. నమస్కారం.