డీజిలా, గ్యాసా, కరెంటా? శ్రీకాకుళం రోడ్ల మీద కిలోమీటరు లెక్క

నమస్తే అండీ. నరసన్నపేట దాటాక హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఉన్నాను. వెనకాల కనిపిస్తున్న తెల్ల బండి మా బావది, సరుకులు తిప్పే కరెంటు మినీ వ్యాన్. ఏ కంపెనీదో చెప్పను. చెప్తే డబ్బులు తీసుకుని వీడియో చేశానంటారు, అనేది కూడా మీరే.

బావకి కరెంటు బిల్లు మీద నమ్మకం లేదు. ఇంటి వాడకం, బండి వాడకం కలిసిపోతున్నాయని షెడ్డులో విడిగా సబ్ మీటరు పెట్టించాడు. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. మొన్న ఐదొందల కేజీల లోడుతో శ్రీకాకుళం, ఆమదాలవలస, పొందూరు తిరిగి 96 కిలోమీటర్లకి ఇంటికి చేరింది. రాత్రి ప్లగ్ పెడితే పొద్దున్నకి మీటరు 22 యూనిట్లు తిరిగింది. బ్యాటరీలోకి వెళ్లింది పంతొమ్మిదే, మిగతాది చార్జరు వేడికి పోయింది. ఆ పోయినదానికీ బిల్లు మనమే కడతాం కదా, అందుకే లెక్క మీటరు దగ్గరే వెయ్యాలి, బండి స్క్రీను చూసి కాదు.

యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 176. అంటే కిలోమీటరుకి రూపాయి ఎనభై మూడు పైసలు.

ఇదే సైజు డీజిల్ బండి లోడుతో లీటరుకి 18 ఇస్తుందనుకోండి. లీటరు 97 అయితే కిలోమీటరుకి 5 రూపాయల 40 పైసలు. సీఎన్‌జీ గ్యాసు కేజీ 92, కేజీకి 20 కిలోమీటర్లు అనుకుంటే 4 రూపాయల 60 పైసలు. మీ బంకులో రేటు వేరే అయితే అదే వేసుకోండి.

ఇచ్ఛాపురం వైపు తిరిగేవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. బోర్డరు దాటితే ఒడిశాలో డీజిల్ నాలుగైదు రూపాయలు తక్కువ. మన దగ్గర 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అవతల ట్యాంకు నింపుకునేవాళ్లకి తేడా కొంచెం తగ్గుతుంది, అంతే.

అసలు మెలిక ఇక్కడుంది. ఇదే కరెంటు బండికి బయట ఫాస్ట్ చార్జరులో యూనిట్ 20 పడిందనుకోండి. 22 ఇరవైలు 440. కిలోమీటరుకి 4 రూపాయల 60 పైసలు! సీఎన్‌జీతో సమానమైపోయింది. సొంత షెడ్డు, సొంత ప్లగ్ లేకపోతే ఈ బండి జోలికి పోకండి. శ్రీకాకుళం నుంచి పలాస వెళ్లి రావాలంటే నూటయాభై కిలోమీటర్లు, దారిలో చార్జింగ్ తప్పదు. అందుకే బావ పలాస జీడిపప్పు లోడు వస్తే ఇప్పటికీ పాత డీజిల్ బండే పంపుతాడు.

ఇంకోటి, కరెంటు బండి ఎంత తిరిగితే అంత లాభం. కొనేటప్పుడు డీజిల్ కన్నా రెండున్నర లక్షలు ఎక్కువైందనుకుందాం. రోజుకి వంద కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు తిరిగితే దాదాపు 8,900 మిగులుతుంది. ఇరవై ఎనిమిది నెలల్లో ఆ తేడా తీరిపోతుంది. రోజుకి నలభయ్యే తిరిగితే డెబ్బై నెలలు. అప్పటికి లోను కూడా అయిపోతుంది!

డ్రైవరునడిగితే మాత్రం డబ్బుల మాటే ఎత్తలేదు. "హారన్ కొట్టకపోతే మేకలు లెగవ్వు బాబూ, బండొచ్చినట్టే తెలీదు వాటికి" అన్నాడు.

సీఎన్‌జీ సంగతి. పైపులైను లేని బంకుకి గ్యాసు సిలిండర్ల లారీ మీద వస్తుంది. ఆ సిలిండర్లలో గ్యాసు తగ్గేకొద్దీ ప్రెషరు పడిపోతుంది, మీ ట్యాంకు సగమే నిండొచ్చు. క్యూలో గంట నిలబడి సగం ట్యాంకుతో బయటికొస్తే, ఆ గంట కూలి ఏ మైలేజీ లెక్కలో ఉంటుంది? మూడేళ్లకోసారి సిలిండరు టెస్టు కూడా చేయించాలి. అయినా ఇంట్లో ప్లగ్ లేనివాళ్లకి నేను చెప్పేది సీఎన్‌జీయే.

పెద్ద లారీలకొస్తే, టెక్కలి నుంచి విశాఖ పోర్టుకి గ్రానైట్ దిమ్మలు తోలేవాళ్లు ఎల్‌ఎన్‌జీ గురించి అడుగుతున్నారు. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే గ్యాసు అది. లారీ ఆగకుండా తిరిగితే బాగుంటుంది. లోడు లేక ఎక్కువ రోజులు నిలబెట్టారో, ట్యాంకులో కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. కరెంటు లారీలకి కేంద్రం వాళ్ల పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 9 లక్షల 60 వేల దాకా రాయితీ ఉంది, కానీ పాత లారీ తుక్కుకిచ్చిన సర్టిఫికెట్ చూపించాలి. సుంకి ఘాట్ నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు బ్రేకు మీద బ్యాటరీ కొంచెం నిండుతుంది, అది మాత్రం డీజిల్ లారీకి లేని సుఖం.

బావ ఇంకో కరెంటు బండి కొంటానంటున్నాడు. ముందు షెడ్డు కనెక్షను లోడు పెంచమని కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టించాను. మీ బండి రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో, రాత్రి ఎక్కడ పెడతారో కింద రాయండి, లెక్క నేనే వేసి పెడతాను.