ఎలుగుబంటి బొరియలో కెమెరా: చూసేదాని కన్నా వినేదే ఎక్కువ

నమస్కారం అండీ. ఈసారి రివ్యూ ఫోన్‌దీ కాదు, సినిమాదీ కాదు. చలికాలంలో ఎలుగుబంటి పడుకునే బొరియలో కెమెరా పెట్టి తీసిన ఫుటేజ్‌ది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈలీ అనే ఊరుంది. అక్కడి అడవిలో లిన్ రోజర్స్ అనే పరిశోధకుడి బృందం, లిలీ అనే నల్ల ఎలుగుబంటి బొరియను ఇంటర్నెట్‌లో లైవ్ చూపించింది. 2010 జనవరి 22న లిలీ తొలిసారి ఈనింది. ఆ పిల్లకి హోప్ అని పేరు పెట్టారు.

బొమ్మ గురించి ముందే చెప్పేస్తా, పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో అంతా నలుపు తెలుపే. చాలాసేపు తెర నిండా బొచ్చు తప్ప ఏమీ కనపడదు, అది వీపో పొట్టో కూడా తేలదు. పిల్ల కనపడిందంటే ఆ రోజు మన అదృష్టం.

కానీ సౌండ్ పెంచండి. అసలు కథ అంతా అక్కడుంది. పాలు తాగేటప్పుడు పిల్ల ఆగకుండా ఒక గుర్రుశబ్దం చేస్తుంది, పక్కగదిలో కుట్టుమిషను తిరుగుతున్నట్టు. కాసేపు వింటే చాలు, పాలు అందుతున్నాయో లేదో మనకే తెలిసిపోతుంది. పట్టు దొరక్కపోతే ఒకటే కేకలు. వెంటనే తల్లి కదులుతుంది, సర్దుకుంటుంది, నాకుతుంది. మరి చలికాలమంతా ఎలుగుబంటి ఒళ్లు తెలియకుండా పడుకుంటుందని కదా మనం చదువుకున్నది? ఇక్కడ చూస్తే, కేక వినపడిన ప్రతిసారీ లేచే బాలింత కనిపిస్తుంది!

ఇందులో వింతేమీ లేదు. చలికాలమంతా నిద్రపోయే చిన్న జంతువుల్లా ఎలుగు ఒళ్లు మంచులా చల్లబడిపోదు. అలాస్కాలో నల్ల ఎలుగుల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, శరీరం ఖర్చు చేసే శక్తి మామూలులో నాలుగో వంతుకు పడిపోయినా, ఒంటి వేడి మాత్రం 30 నుంచి 36 డిగ్రీల మధ్యే ఉందని తేలింది. అందుకే అవసరమైతే లేవగలదు. నెలల తరబడి తిండి లేదు, నీళ్లు లేవు, మలమూత్రాలు లేవు. ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే నీళ్లే నీళ్లు. ఆ స్థితిలో ఉండి పాలిస్తుంది, అదీ మామూలు పాలు కాదు, బాగా చిక్కటి కొవ్వు పాలు. పుట్టినప్పుడు పిల్ల అరకిలో కూడా ఉండదు, కళ్లు తెరవడానికి నెల పైనే పడుతుంది. ఇంకో మాట, పిల్లలకి ఈ శీతాకాల నిద్ర అనేదే లేదు. కాస్త నిద్ర, పాలు, మళ్లీ ఏడుపు, అంతే. తల్లి ఎప్పుడు పడుకుంటుందో నాకైతే అర్థం కాలేదు.

నాకు మొదటి సీజన్ కన్నా 2011 చలికాలం ఎక్కువ నచ్చింది. మామూలుగా తల్లి ఎలుగు ఏడాది విడిచి ఏడాది ఈనుతుంది, ఏడాది పిల్లలు రెండో చలికాలం కూడా దానితోనే పడుకుంటాయి. లిలీ మాత్రం 2010 వసంతంలో కొన్నాళ్లు హోప్‌ని వదిలేసి వెళ్లింది, ఆ మధ్యలో మళ్లీ జతకట్టింది, తర్వాత పిల్లతో కలిసింది. దాంతో 2011 జనవరిలో ఒకే బొరియలో తల్లి, ఏడాది వయసున్న హోప్, అప్పుడే పుట్టిన ఇద్దరు పసికూనలు! ఆ ఇరుకులో ఎవరు ఎక్కడ పడుకోవాలన్న తంటా మన ఇళ్లలోలాగే ఉంటుంది. తండ్రి సంగతి అడక్కండి, జతకట్టాక మగ ఎలుగుకి ఈ కాపురంతో పనే లేదు.

నా కంప్లైంట్ ఒకటే, ఈ పేర్లు. పేరు పెట్టి, రోజూ లైవ్ చూపిస్తే, అది అడవి జంతువన్న సంగతి జనం మర్చిపోతారు. 2011 సెప్టెంబరులో వేట సీజన్‌లో హోప్‌ని ఒక వేటగాడు చంపాడు. చట్టప్రకారం అది నేరం కాదు. ఎంతోమంది చూస్తున్నారన్నది దాన్ని కాపాడలేదు. 2013లో ఎలుగుల మీద పరిశోధనకి రోజర్స్‌కి ఇచ్చిన అనుమతిని పొడిగించబోమని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పింది, గొడవ కోర్టుకెక్కింది. ఎవరిది న్యాయమన్నది వేరే వీడియో అవుతుంది. నేను మాత్రం పేర్లు లేకుండా చూపించి ఉంటే బాగుండేదంటాను.

చూడాలనుకుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంకో పని చేసుకుంటూ పక్కన నడవనివ్వండి. కూర్చుని కన్నార్పకుండా చూస్తే బోర్ కొడుతుంది. చిన్నపిల్లలతో కలిసి చూస్తుంటే, హోప్ ఏమైందని వాళ్లు తప్పకుండా అడుగుతారు, జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి. ఇది చూసిన హుషారులో నిజం బొరియ వెతుక్కుంటూ మాత్రం వెళ్లొద్దు. అలజడికి బెదిరిన తల్లి బొరియ వదిలి వెళ్లిపోవచ్చు, అప్పుడు లోపలి పిల్లలు చలికి బతకవు.