కంచ గచ్చిబౌలి కోసం ఏ వయసు వాళ్లు ఎలా కొట్లాడారు?

2025 మార్చి 30, ఉగాది. ఊరంతా పండగలో ఉండగా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల చెట్లున్న కంచ గచ్చిబౌలి భూమిని చదును చేయడానికి తెలంగాణ ప్రభుత్వం జేసీబీల్ని దింపింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమనే సరికే దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయి. ఆ నాలుగైదు రోజులు ఫోన్లలో ఏం నడిచిందో చూద్దాం.

[స్క్రీన్ మీద: రాత్రి తీసిన ఫోన్ వీడియో]

స్టూడెంట్స్ ఇన్‌స్టాగ్రామ్‌ని నమ్ముకున్నారు. ఈ క్లిప్ చూడండి... చీకట్లో జేసీబీల లైట్లు, ఇంజిన్ల మోత, మధ్యలో నెమళ్ల అరుపులు. ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు, తెలుగు ముక్క రాని వాళ్లకి కూడా కడుపులో దేవినట్టయింది.

ఉద్యోగాల్లో ఉన్న ముప్పై, నలభై ఏళ్ల వాళ్లు ఎక్స్‌లో మంత్రుల్ని ట్యాగ్ చేశారు, ఆన్‌లైన్ పిటిషన్లు తిప్పారు.

ఇక పెద్దవాళ్లు. ఫేస్‌బుక్ పోస్టులు, వాట్సాప్ గ్రూపులు. వీళ్లని ఫార్వర్డ్ బ్యాచ్ అని తీసిపారేస్తాం చూడండి, అది నాకు అస్సలు నచ్చదు. ఎందుకంటే ఈ భూమిని 2004లో ఒక స్పోర్ట్స్ కంపెనీకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, ఆ తర్వాత ఏళ్లకేళ్లు కేసు నడిచింది, ఇదంతా ముప్పై సెకన్ల రీల్‌లో పట్టదు. అలాంటి సంగతులు ఓపిగ్గా రాసేది, చదివేది ఎక్కువగా వాళ్లే. పైగా ఇన్‌స్టా లేని మేనమామకి, పెద్దమ్మకి ఈ కబురు అందింది ఫ్యామిలీ గ్రూప్‌లోనే.

[స్క్రీన్ మీద: ఏఐ బొమ్మ, పక్కనే అసలు ఫొటో]

దెబ్బ పడింది ఇక్కడ. జేసీబీల ముందు పరిగెత్తే జింకల బొమ్మలు ఏఐతో చేసి వదిలారు. ఫేక్ షేర్ చేసేది పెద్దవాళ్లే అంటాం కదా, ఈసారి కుర్రాళ్లు, సినిమా వాళ్లు కూడా షేర్ చేశారు, ఒక ఐఏఎస్ అధికారికైతే పోలీసు నోటీసే వచ్చింది. దాంతో చర్చ చెట్ల మీంచి ఏఐ మీదకి మళ్లింది, ప్రాణాలకు తెగించి తీసిన అసలు వీడియోల్ని కూడా జనం అనుమానంగా చూశారు. నిజంగా బాధేసింది.

అందుకే మీ ఊళ్లో చెరువు పూడుస్తున్నా, గుట్ట తవ్వేస్తున్నా వీడియో తీసేటప్పుడు తేదీ, చోటు నోటితో చెప్పండి. ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైల్ దాచుకోండి, రేపు లాయర్ అడిగేది దాన్నే.